గింజ పడకూడదంట

ముప్పై రెండేళ్లు కడియం నర్సరీలో అంట్లు కట్టాను.
గోళ్ల సందుల్లో మట్టి
కొబ్బరిపీచుతో తోమినా పోదు.
ఏ కొమ్మని ఏ కొమ్మకిచ్చి చెయ్యాలో
పెళ్లిళ్ల పేరయ్య కన్నా నాకే బాగా తెలుసు.

ఆషాఢంలో ఓ రాత్రి
షావుకారు గారి చినబాబు మా ఇంటికొచ్చి
అగ్గిపెట్టె తెరిచి చూపించాడు.
మూడు గింజలు.
పిట్టగుడ్డు మీదున్నట్టు మచ్చలు.
"చలిదేశం జాతి బాబాయ్.
పొట్టిగా, గుబురుగా వస్తాదంట.
ఊదారంగు పూస్తాదంట.
నర్సరీలో వద్దు, మీ పెరట్లో వెయ్యి."

తప్పని తెలుసు.
ఏజెన్సీ నుంచి దిగే లారీల్ని ఆపి
ఊక బస్తాల్లో ఇనపచువ్వలు గుచ్చడం
నేనూ చూసినవాణ్ణే.
కానీ ఊదారంగు అన్నాడు చూడండి,
అక్కడ పడిపోయాను.

రెండు కుళ్లిపోయాయి. ఒకటి లేచింది.
పాత పెయింటు డబ్బాలో
వంగమొక్కల చాటున నిలబడితే
పాలు తెచ్చే గున్నేశు చూసి
"ఈ గోంగూర ఏం జాతండీ, సన్నాకు?" అన్నాడు.
పుల్లగా ఉండదులే అన్నాను.

కార్తీకం వచ్చేసరికి వాసన.
గోడ దూకి పక్కింటి అరుగు మీద కూచునే వాసన.
మా అమ్మాజీ దండెం నిండా
సావిడాయిలు ఎండేసింది.
ఇరవై రోజులు మా వీధికి ఎవరూ చుట్టం రాలేదు.

చినబాబు వచ్చి చెప్పి వెళ్లేవాడు,
చెంబుతో మజ్జిగ తాగుతా:
"మగదైతే పీకెయ్యాలి. ఇది ఆడదే, అదృష్టం.
ఒంటరిగా ఉంచాలి.
గింజ పడకూడదంట బాబాయ్.
గింజ పడితే విలువ పోద్దంట."

నాకు నవ్వొచ్చింది.
కాయని చెట్టుకి గొడ్డలి చూపించి
"ఈ ఏడూ కాయకపోతే నరికేత్తాం" అని
బెదిరించే ఊరు మాది.
నేనే ఎన్ని మామిళ్లని బెదిరించానో.

నూతి దగ్గర గిన్నెల చప్పుడు ఆగింది.
అమ్మాజీ బూడిద చేతులతో
అలాగే కూచుండిపోయింది.

మా మేనకోడలి సీమంతంలో
ఈవిడ పట్టుకెళ్లిన గాజులు
బల్ల మీదే ఉండిపోయాయి.
అది పంతొమ్మిదేళ్ల కిందటి మాట.
ఇంటికొచ్చి వాటిని బియ్యం డబ్బాలో పెట్టింది.
ఇంకా అందులోనే ఉన్నాయి.
బియ్యం కొలిచినప్పుడల్లా గలగలమంటాయి.
మేం వినపడనట్టు ఉంటాం.

ఆ రోజు నుంచి డబ్బా ఆవిడదైపోయింది.
నన్ను నీళ్లు పొయ్యనివ్వదు.
"ఏమే, నిద్రపట్టిందా?" అని
పొద్దున్నే పలకరింపు.
నాతో అంత నెమ్మదిగా ఎప్పుడు మాట్లాడిందని.

మా డెల్టాకి చలంటే చుట్టపుచూపు.
పుష్యంలో నాలుగు రాత్రులు వస్తాది,
గోదారి మీంచి మంచు మోసుకుని,
కాలవగట్టు దాకా నడిచి వెనక్కెళ్లిపోద్ది.
ఆ నాలుగు రాత్రులే చాలాయి దానికి.
తెల్లారగట్ల టార్చి పట్టుకుని
నన్ను భుజం కుదిపి లేపింది.
ముందు వంకాయ తొడిమ పక్కన ఉంటాదే, ఆ రంగు.
మూడో నాటికి నేరేడు.
నాలుగో నాటికి పేరు లేని రంగు,
మంచు చుక్కలు పట్టి,
లైటు పడితే నల్లగా, తీస్తే ఎర్రగా.
ఇద్దరం గొంతుకూచుని చూశాం.
నా మోకాళ్ల నొప్పి కూడా గుర్తు లేదు.

చినబాబు మాత్రం రాలేదు.
రావులపాలెం దగ్గర కారులో
ఇంకెవరిదో సరుకుతో దొరికాడంట.
"పీకేద్దామే" అన్నాను.
"రేపు" అంది.
మర్నాడూ రేపే అంది.
గేటు చప్పుడైతే చాలు
నా చేతిలో కత్తెర వణికేది,
అంటు కట్టేటప్పుడు ఎన్నడూ వణకని చెయ్యి.

ఆదివారం లేచేసరికి డబ్బా ఖాళీ.
పెంటగుంట మీద కొత్త మట్టి.
ఒక్క గింజా లేదు కాబట్టి
అక్కడ ఇంకేం మొలవదు.

కాఫీ గ్లాసు అందిస్తుంటే
ఆవిడ వేళ్లకి జిగురు, ఆ వాసన.
కడుక్కోలేదు.
నేనూ కడుక్కోమని అనలేదు.